ఖాస్రా పహాణీ దాకా వెళ్లండి

తూంకుంటలో ప్లాటు కొంటానని మా మేనల్లుడు ఫోన్ చేశాడు. అమ్మేవాళ్లు ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) చూపి సరిపెట్టారట. ఈసీలో రిజిస్టరైన లావాదేవీలే ఉంటాయి. తెల్లకాగితం ఒప్పందం, అంటే సాదాబైనామా మీద చేతులు మారిన భూమి అందులో ఎక్కడ కనపడుతుంది? 1954-55 ఖాస్రా పహాణీ తీయించరా అన్నాను. పట్టాదారు ఎవరు, సాగులో ఎవరున్నారు, వేర్వేరు గళ్లలో ఉర్దూలో రాసి ఉంటుంది. నాకు భూమి చరిత్రంటే అదే.

2020 అక్టోబరు 29న తూంకుంటకు దగ్గర్లోని మూడుచింతలపల్లిలోనే భూరికార్డుల పోర్టల్ ధరణిని ప్రారంభించారు. అందులో అనుభవదారు గడి లేకుండా చేశారు. దున్నినవాడి ఊసే పోయింది. 2025లో దాని స్థానంలో భూభారతి చట్టం వచ్చింది. చట్టం మారితే చాలదు. ఆ ఉర్దూ రాత చదవగల మా తరం ఉండగానే పాత పహాణీలన్నీ, ఒక్క గడి వదలకుండా, తెలుగులోకి ఎక్కించాలి.