ఆఫీసు గోడకు మొక్కలు: గాలి కబుర్లు వద్దు, నీళ్ల సంగతి చూడండి

వీడియోలో చూశారుగా, మాదాపూర్‌లో ఒక ఆఫీసు లోపలి గోడంతా మనీ ప్లాంటే. చూడ్డానికి బాగుంది. కానీ "ఈ గోడ పెడితే గాలంతా శుభ్రం" అని అమ్మడం నాకు నచ్చదు. 1989 నాటి నాసా పరీక్షలు గాలి చొరబడని పెట్టెల్లో చేసినవి, ఆఫీసుల్లో కాదు.

అసలు తిప్పలు నీళ్ల దగ్గరే. డ్రిప్ పెట్టినా పైవరుస ఎండిపోద్ది, కిందివరుసలో వేళ్లు కుళ్లిపోతాయి. జీవామృతం మాత్రం అక్కడ పోయకండి. నేను పోస్తే ఆ వాసనకి మర్నాడే కుండీలు బయటపెట్టారు (నవ్వకండి!). కొబ్బరిపొట్టులో వాసన పోయేదాకా ఎండిన ఘనజీవామృతం కొద్దిగా కలిపితే చాలు.

బిగించిన డబ్బులు ఒక్కసారే వస్తాయి. వారం వారం వెళ్లి చూసే పనికి నెలజీతంలా ఒప్పందం రాయించుకోండి. ఒప్పుకోకపోతే ఆ ఆర్డరు వదిలేయండి.