సంతకంతో పోయే రక్షణ

కోనసీమలో ఒక ఊరి సువార్త కూటానికి వెళ్ళాను. కొబ్బరితోటలో షామియానా, ముందు పట్టాల మీద ఆడవాళ్ళు, వెనుక ప్లాస్టిక్ కుర్చీలలో మగవాళ్ళు. ప్రసంగీకులు బయటి ఊరివారు, మంచి గొంతున్నవారు. గంటన్నర మాట్లాడిన తరువాత సభ వైపు వేలు చూపి, "తహశీల్దారు ఆఫీసులో హిందువునని రాయించుకున్నవాళ్ళు మీలో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు. మనుష్యుల ముందు ప్రభువును కాదన్నారు, మీ రక్షణ పోయింది. జీవగ్రంథంలో మీ పేర్లు కొట్టివేశారు" అన్నారు. ఎవరూ తలెత్తలేదు. నా పక్కనున్న నడివయసు మనిషి ఒకరు బైబిలు మూసి చంకలో పెట్టుకుని, చెప్పులు వెతుక్కుని, చీకట్లోకి వెళ్ళిపోయారు.

ఆ ప్రసంగీకులు చెప్పినది వాక్యం కాదని నా వాదన. అది ఎవరి మీద పడేలా చెప్పారో కూడా ఇక్కడ రాయదలచాను.

క్రైస్తవేతర మిత్రుల కోసం రెండు ముక్కలు. రక్షణ అంటే పాపక్షమాపణ పొంది దేవుని కుటుంబంలో చేరడం. అలా ఒకసారి చేరినవాడు మళ్ళీ దానిని పోగొట్టుకోగలడా అన్నది పాత తగవు. యోహాను సువార్త పదవ అధ్యాయం చూపి, కాపరి చేతిలోనుండి గొర్రెను ఎవరూ లాగివేయలేరు గనుక పోదు అనేవారు ఒక పక్షం. హెబ్రీ పత్రిక ఆరవ అధ్యాయం చూపి, వెలుగు చూసి తప్పిపోయినవారిని మళ్ళీ తేవడం అసాధ్యమన్నారు గనుక పోతుంది అనేవారు మరొక పక్షం.

మా గోదావరి జిల్లాలలో ఈ తగవు పుస్తకాలలో ఉండదు, వీధులలో ఉంటుంది. 1836లో ఆంథొనీ నారిస్ గ్రోవ్స్ వెంట ఇంగ్లండు నుండి వచ్చిన బౌడెన్, బీర్ దంపతులు నరసాపురం, పాలకొల్లు ప్రాంతంలో వేసిన విత్తనం ఈనాటి బ్రదరెన్ అసెంబ్లీలు. వీరిది 'పోదు' పక్షం. రాజమండ్రిలో 1840లలో జర్మనులు మొదలుపెట్టి, తరువాత అమెరికా వారు నడిపిన లూథరన్ సంఘం 'పోవచ్చును' అంటుంది. 1874 నుండి కాకినాడలో పనిచేసిన కెనడా బాప్టిస్టుల వారసులు మళ్ళీ 'పోదు' వైపు మొగ్గుతారు. ఆ తరువాత వచ్చిన పెంతెకొస్తు సంఘాలలో చాలావాటికి అది ప్రతి శనివారం పోయి ప్రతి ఆదివారం దొరికే వస్తువు. ఒకే పేటలో మేనత్త ఒక పక్షం, మేనల్లుడు మరొక పక్షం. పెళ్ళి భోజనాల దగ్గర కూడా ఈ వాదం నడవడం చిన్నప్పటినుండి చూశాను.

నేను పుట్టి పెరిగినది బ్రదరెన్ వారి మధ్య. ఎఫెసీ పత్రిక తెలుగు అనువాదంలో సంచకరువు అనే మాట ఉన్నది. బేరం కుదిరిందని ముందుగా ఇచ్చే సొమ్ము, మనం బయానా అంటామే, అది. కొబ్బరికాయల బేరంలో బయానా ఇచ్చిన వ్యాపారి మాట తప్పితే ఊళ్ళో అతని మొహం చూడరు. దేవుడు తన ఆత్మనే బయానాగా ఇచ్చాడని అపొస్తలుడు రాస్తే, ఆ బేరం మా బలహీనత వల్ల రద్దవుతుందని నేను నమ్మలేను. నా పక్షం ఇదని ముందే చెప్పుకున్నాను కనుక అవతలి పక్షాన్ని న్యాయంగా చూడవలసిన బాధ్యత నాది.

'పోవచ్చును' అనే లూథరన్ల దగ్గరికే వెళదాం. వారి ప్రమాణ పత్రం 1530 నాటి ఆగ్స్‌బర్గ్ ఒప్పుకోలు. దాని పన్నెండవ అధికరణం, ఒకసారి నీతిమంతులైనవారు పరిశుద్ధాత్మను పోగొట్టుకోలేరనే వారిని ఖండిస్తుంది. ప్రసంగీకులకు అనుకూలమే. కానీ అదే అధికరణం, బాప్తిస్మం తరువాత పడిపోయినవారు పశ్చాత్తాపపడినప్పుడెల్లా క్షమాపణ ఉన్నదని, సంఘం దానిని ప్రకటించవలసినదని చెప్పి, అలా ప్రకటించ నిరాకరించిన నొవేషియనులను పేరుపెట్టి ఖండిస్తుంది. తలుపు వేసి తాళం పారవేయడానికి రాజమండ్రి లూథరన్ గురువుగారు కూడా ఒప్పుకోరన్నమాట.

ఎవరీ నొవేషియనులు? అసలు కథ ఇక్కడ ఉన్నది. అది కూడా సర్టిఫికెట్ల కథే.

250లో రోము చక్రవర్తి డేసియస్, రాజ్యంలోని వారందరూ దేవతలకు బలి అర్పించి అధికారుల నుండి ధ్రువపత్రం తీసుకోవాలని ఉత్తరువు చేశాడు. అలాంటి పత్రాలు ఐగుప్తు ఇసుకలో నలభైకి పైగా దొరికాయి. పేరు, ఊరు, నేను ఎల్లప్పుడూ దేవతలకు బలులు అర్పిస్తూ వచ్చాననే ప్రకటన, సాక్షి సంతకం. మన మండలాఫీసు కాగితానికి పూర్వీకుడు. క్రైస్తవులలో కొందరు చచ్చారు, కొందరు బలి ఇచ్చారు, కొందరు బలి ఇవ్వకుండా లంచమిచ్చి పత్రం మాత్రం సంపాదించారు. ఉపద్రవం చల్లారాక వీళ్ళందరూ సంఘం గుమ్మంలో నిలబడ్డారు. రోములో నొవేషియన్ అనే పెద్ద, పడిపోయినవారిని చేర్చుకునే అధికారం సంఘానికి లేదన్నాడు. కార్తేజి బిషప్పు సిప్రియన్ తేలికగా చేర్చుకోవడానికీ ఒప్పుకోలేదు, తలుపు మూయడానికీ ఒప్పుకోలేదు. 251లో కార్తేజిలో కూడిన బిషప్పులు ఒక్కొక్కరి సంగతీ విచారించి, కాగితం మాత్రం తీసుకున్నవారిని చేర్చుకోవచ్చునని, నిజంగా బలి ఇచ్చినవారు పశ్చాత్తాపంలో గడిపితే మరణకాలంలోనైనా చేర్చుకోవలెనని తీర్మానించారు. మరో హింస రాబోతోందని తోచినప్పుడు, పశ్చాత్తాపంలో ఉన్నవారందరికీ తలుపు తెరిచారు. ఈ సిప్రియన్ మెతకమనిషి కాడు. 258లో తల నరికించుకున్నాడు.

చక్రవర్తి కత్తి కింద విగ్రహానికి ధూపం వేసినవాడికే తలుపు తెరిచిన సంఘం వారసులు, కొడుకు కాలేజీ సీటు కోసం ఒక గడిలో ఒక మాట రాసినవాడికి మూసివేస్తున్నారు.

ఆ గడి ఎక్కడనుండి వచ్చింది? 1950 ఆగస్టు 10 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తరువు మూడవ పేరా, హిందూమతం కాక వేరే మతాన్ని అవలంబించేవాడు షెడ్యూల్డు కులస్థుడు కాడన్నది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను కలిపారు. క్రైస్తవులను కలపలేదు. మన రాష్ట్రంలో 1970 నుండి వీరికి బి.సి. 'సి' అని ఒక శాతం ఉన్నది. ఎస్.సి.లకు పదిహేను శాతం. ఎస్.సి., ఎస్.టి. అత్యాచార నిరోధక చట్టం రక్షణా లేదు, అమలాపురం వంటి రిజర్వుడు స్థానంలో పోటీచేసే హక్కూ లేదు. క్రైస్తవులైన దళితులను ఎస్.సి.లుగా గుర్తించమని 2023 మార్చిలో మన శాసనసభ తీర్మానం చేసి పంపింది. 2024 నవంబరులో సెల్వరాణి కేసులో సుప్రీంకోర్టు, మనసులో నమ్మకం లేకుండా రిజర్వేషన్ కోసం హిందువునని చెప్పడం రాజ్యాంగాన్ని మోసగించడమే అన్నది.

ఇందులో ఒక వింత ఉన్నది. 1984లో కైలాశ్ సోన్‌కర్ కేసులో అదే సుప్రీంకోర్టు, మతం మారినవాడి కులం పూర్తిగా పోదని, దానికి గ్రహణం మాత్రమే పడుతుందని, తిరిగి వస్తే గ్రహణం విడిచి కులం దానంతటదే బతుకుతుందని చెప్పింది. 2015లో కె.పి. మను కేసులో తాతల కాలంలో మారినవారి మనుమడికి కూడా దానిని వర్తింపజేసింది. అంటే ఈ దేశంలో కులానికి నిత్యభద్రత ఉన్నది. మూడు తరాలు నీళ్ళలో మునిగినా కులం పోదు. క్రీస్తు ఇచ్చిన రక్షణ మాత్రం ఒక సంతకంతో పోతుందట! కులం కన్నా బలహీనమైన రక్షకుణ్ణి ప్రకటిస్తున్నామని ఆ ప్రసంగీకులకు ఎవరైనా చెప్పాలి.

కులం పోలేదని కోర్టు చెప్పనవసరం లేదు. అంబేద్కర్ పేరు జిల్లాకు పెడతామన్నందుకు 2022 మే 24న అమలాపురంలో మంత్రిగారి ఇల్లు తగలబెట్టారు. ఆ నిప్పు ఎవరిది ఏ చర్చి అని అడిగి అంటుకునేది కాదు.

మరి ఆ సంతకం అబద్ధం కాదా అంటే, అబద్ధమే. నేను దానిని మంచిపని అనను. పాపమంటే ఒప్పుకుంటాను. కానీ పాపం చేసినవాడు వేరు, క్రీస్తును వద్దని వెళ్ళిపోయినవాడు వేరు. హెబ్రీ పత్రిక హెచ్చరిక రెండవవాడికి. ఆ అధ్యాయంలోనే నాలుగు వచనాలు దాటితే, మీ విషయంలో ఇంతకంటె మేలైనదే నమ్ముతున్నామని రచయిత తన శ్రోతలను ఓదారుస్తాడు. ప్రసంగీకులు అక్కడిదాకా చదవరు. పేతురు నిప్పు కాచుకుంటూ ముమ్మారు ఎరుగనన్నాడు, తహశీల్దారు ముందు కాదు, ఒక పనిపిల్ల ముందు. అతనికి గొర్రెల మందనే అప్పగించారు. సిరియా సేనాధిపతి నయమాను, రాజుగారితో రిమ్మోను గుడికి వెళ్ళి వంగవలసివస్తే క్షమించమని ముందే అడిగితే, ఎలీషా ప్రవక్త సమాధానంగా వెళ్ళమన్నాడు.

ఇంకొక సంగతి. పై కులాలనుండి వచ్చిన విశ్వాసికి ఈ పరీక్షే రాదు. బాప్తిస్మం పొందినా అతని కాగితంలో పోయేది ఏమీ లేదు, సంతకం చేయవలసిన గడీ లేదు. పరీక్ష పెట్టిన ప్రభుత్వం ఒక పేటకే పెట్టింది, తప్పిన మార్కులు చదివే బోధకులూ ఆ పేటకే వస్తున్నారు. కట్నం లక్షలలో తీసుకున్న సంఘపెద్ద పేరు జీవగ్రంథంలో కొట్టివేశారని ఇంతవరకూ ఏ షామియానా కిందా నేను వినలేదు. ఆ రాత్రి ప్రసంగీకుల పిల్లల కాగితాలలో ఏమున్నదో అడగాలనిపించింది. అడగలేదు.

నా పక్షం వారినీ వదలను. 'పోదు' అనే మాకు మరొక ఆయుధం ఉన్నది. ఎవడైనా పడిపోతే, "అతని రక్షణ పోలేదు, అసలు అతను రక్షింపబడనే లేదు" అంటాం. వినడానికి సిద్ధాంతం చెక్కుచెదరదు. కానీ 'పోయింది' అనేవాడు మనిషి దగ్గర ఉన్నదొకటి లాక్కుంటాడు, మేము గతాన్ని కూడా లాక్కుంటాం.

ఇది నేను పెదనాన్న దగ్గర నేర్చుకున్నాను. ఆయన నలభై ఏళ్ళు ఆదివారపు బడి చెప్పారు. నాకు అక్షరాలతోపాటు కీర్తనలు నేర్పినది ఆయనే. కొడుకు ఉపాధ్యాయ శిక్షణ సీటు కోసం హిందూ మాల అని రాసిన కాగితం మీద తండ్రిగా సంతకం పెట్టారు. ఎవరో పెద్దల చెవిన వేశారు. పిలిచి అడిగితే దాచలేదు. ఆ వారం నుండి బల్లకు దూరం పెట్టారు. రొట్టె పళ్ళెం ఆయన ఒడి మీదుగా పక్కవాడికి వెళ్ళేది. వెనక బల్ల మీద అలా పదకొండేళ్ళు కూర్చున్నారు, ఒక్క ఆదివారం మానలేదు. ఒక పెద్ద నాతోనే అన్నారు, ఆయన ఎప్పుడూ రక్షింపబడలేదని ఇప్పుడు తెలిసిందని. క్రీస్తును వదిలినవాడు పదకొండేళ్ళు అక్కడ ఎందుకు కూర్చున్నాడో ఆ పెద్దకు తోచలేదు.

చివరి రోజులలో యోహాను పదవ అధ్యాయం చదివించుకున్నారు. కాపరి చేతి మాట వచ్చినప్పుడు ఆపి, "ఎవరూ లాక్కోలేరని ఉందిగానీ అబ్బాయ్, నేనే దూకేశానేమో" అన్నారు. కాదని చెప్పాను. సిప్రియన్ సంగతి అప్పటికి నాకు తెలియదు, చెప్పివుండేవాణ్ణి. ఆయన నమ్మారో లేదో తెలియదు, చదవమన్నట్టు చెయ్యి ఊపారు.

పెట్టెను మా పేట శ్మశానంలో దించాం. ఊరివారి శ్మశానం వేరే ఉన్నది, అక్కడికి ఏ కాగితం చూపినా మమ్మల్ని రానివ్వరు. ఆ అసెంబ్లీ సభ్యుల పుస్తకంలో ఆయన పేరు మీద ఎర్రసిరా గీత ఇప్పటికీ అలాగే ఉన్నది. ఆ గీత కొట్టివేసి పక్కన పెద్దలు సంతకం పెట్టాలని రెండుసార్లు రాసి ఇచ్చాను, జవాబు లేదు. ఈస్టరు ముందు మూడోసారి ఇవ్వబోతున్నాను. ఈసారి కార్తేజి తీర్మానం కూడా జతచేస్తాను.