చిత్త చినుకు, టార్పాలిన్ పట్టా

"చిత్త చినుకు తన యిష్టమున్న చోట పడును" అని మన పెద్దలు ఊరకే అనలేదు. అక్టోబరులో నైరుతి ఋతుపవనం వెనుదిరుగు వేళ ఉత్తరపు పొడిగాలియు, బంగాళాఖాతపు తేమగాలియు మన నేలపై ఎదురుపడును. మధ్యాహ్నపు ఎండకు నేల కాగి, ఆ తేమ పైకెగసి, గంట రెండు గంటలలోనే ఉరుముల మేఘమగును. ఒక ఊరిలో కుండపోత, పొరుగూరిలో ఎండ.

కనుక రైతు సోదరులారా, "వాన అన్నారు, మా చేలో చుక్క పడలేదు" అని వాతావరణ శాఖను నిందించుటకు ముందు ఒక భేదమును గుర్తించండి. 2023 డిసెంబరు 5న బాపట్ల సమీపమున తీరము దాటిన మిచాంగ్ తుఫాను రాకను కొన్ని రోజుల ముందే తెలుపగలిగిరి. ఉరుముల వాన అట్టిది కాదు. ఏ జిల్లాలో అవకాశమున్నదో ముందుగా చెప్పవచ్చును. ఏ మండలముపై విరుచుకుపడునో రాడార్‌లో మేఘము కనబడిన పిదపనే తెలియును. అందుకే ఆ హెచ్చరిక గడువు మూడు గంటలే.

కోత ఎప్పుడు కోయవలెనో మంగళ, శుక్రవారాలలో వెలువడు వ్యవసాయ వాతావరణ సలహాను చూచి నిర్ణయించుకొనండి. ధాన్యము కళ్లమునకు చేరిన పిమ్మట మాత్రము ఆ మూడు గంటల హెచ్చరికయే మీకు దిక్కు. మనలో మొదటిది విని రెండవది మరచువారే అధికమని నా అభిప్రాయము. మద్దతు ధరకు ధాన్యములో తేమ 17 శాతము మించరాదు. ఒక్క సాయంత్రపు జల్లు ఆ హద్దు దాటించిన, తగ్గిన ధరతో అప్పు కిస్తీ తీరునా?

కిసాన్ క్రెడిట్ కార్డు పరిమితిలో కోత అనంతర ఖర్చులకును చోటున్నది. ఎరువులకు వెనుకాడక వాడుకొనువారు టార్పాలిన్ పట్టా కొనుటకు ఎందుకో సంకోచింతురు! డీలరు మిత్రులకును ఒక మాట: వాన సూచన ఉన్ననాడు పురుగుమందు అమ్మకండి. మందు వానకు కొట్టుకొనిపోవును, అరువు మాత్రము మీ ఖాతాలో నిలిచియుండును.

ఫసల్ బీమా అమలులో నున్న చోట, కోసి పొలములో ఆరబెట్టిన పనలు అకాల వర్షమునకు తడిసిన, కోత నాటి నుండి 14 రోజుల వరకు రక్షణ యున్నది. నూర్చిన ధాన్యపు రాశికి అది వర్తింపదు. నష్టము జరిగిన 72 గంటలలోగా బ్యాంకు శాఖకు గాని, బీమా సంస్థకు గాని తెలియజేయవలెను.