బతికిన చెట్టే లెక్క

తొలకరి పడగానే సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడల్లో మొక్కల పండుగ మొదలవుతుంది. గుంత తీస్తారు, మొక్క పెడతారు, ఫొటో దిగి యాప్‌లో ఎక్కిస్తారు. లక్ష్యం ఆ సాయంత్రానికే పూర్తయినట్టు లెక్క తేలుతుంది. మళ్లీ రోహిణి కార్తెలో జాతీయ రహదారి వెంట ఆగి చూడండి. ట్రీ గార్డు మిగిలి, లోపల ఎండుపుల్ల మాత్రమే కనిపించే చోట్లు తక్కువేమీ కావు. ఆ ఎండుపుల్ల కూడా నాటిన మొక్కల ఖాతాలోనే ఉంటుంది.

2015 జులైలో చిలుకూరులో మొదలైన హరితహారం 230 కోట్ల మొక్కలు నాటి, పచ్చదనాన్ని 24 నుంచి 33 శాతానికి పెంచుతామంది. ఇప్పుడది వన మహోత్సవమైంది. పేరు మారినా, ఎన్ని నాటామన్న ప్రశ్న దగ్గరే ఆగిపోయాం. 2018 పంచాయతీరాజ్ చట్టం ఒక అడుగు ముందుకేసి, నాటినవాటిలో 85 శాతం బతకాలని షరతు పెట్టింది. సర్పంచునీ, కార్యదర్శినీ బాధ్యులను చేసింది. మంచిదే. ఊరి సర్పంచుకు పెట్టిన పరీక్ష వేల ఎకరాలు చేతిలో ఉన్న అటవీ శాఖకు ఎందుకు పెట్టకూడదు?

అడవిని కొలిచే తీరు కూడా మనల్ని మభ్యపెడుతోంది. డెహ్రాడూన్‌లోని భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహ చిత్రాల్లో, హెక్టారు, అంతకు మించిన నేల మీద 10 శాతం చెట్ల నీడ కనిపిస్తే అడవి కిందే జమకడుతుంది. భూమి ఎవరిదో, చెట్టు ఏదో చూడదు. మామిడి తోటా అడవే, జామాయిల్ తోటా అడవే. 2021 నివేదికలో తెలంగాణ అడవి 632 చదరపు కిలోమీటర్లు పెరిగిందని సంబరపడ్డాం. 2023 నివేదిక సుమారు 100 చదరపు కిలోమీటర్లు తగ్గిందని చెప్పింది. ఈ రెండు అంకెల్లో ఏదీ మన నేలలో మోదుగ, నల్లమద్ది, చండ్ర నిలిచాయో పోయాయో చెప్పదు. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్‌ను రోడ్ల పొడవునా నాటి, ఆనక వద్దనుకున్నదీ ఈ అంకెల మోజుతోనే.

మిర్యాలగూడ పక్కన దామరచర్ల మండలంలో జరిగింది ఇంకా పెద్ద విషయం. బొగ్గుతో నడిచే 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్ కేంద్రానికి దాదాపు 4,676 ఎకరాల అటవీ భూమి పోయింది. పోయిన అడవికి బదులు వేరేచోట పెంచాలన్నది చట్టం. ఆ బదులు మొక్కలు ఎక్కడున్నాయో, ఎన్ని బతికాయో, ఏ జాతులో సర్వే నంబర్లతో సహా జనం ముందు పెట్టాలి. ఉన్న అడవినిచ్చి కాగితం మీద అడవిని తీసుకోవడాన్ని ఈ ప్రాంతం ఒప్పుకోకూడదు.

వాతావరణం మన నివేదికల కోసం ఆగదు. 2024 ఆగస్టు 31న ములుగు జిల్లా తాడ్వాయి, మేడారం అడవుల్లో ఈదురుగాలికి వేల చెట్లు వేళ్లతో సహా కూలిపోయాయి. అదే సమయంలో కురిసిన వానలకు కోదాడ నీట మునిగింది, ప్రాణాలు పోయాయి. నడిగూడెం మండలంలో సాగర్ ఎడమ కాలువకు గండి పడి వరి పొలాల మీద ఇసుక మేట వేసింది. అడవి ఒక్కటీ ఉంటే ఇదంతా ఆగేదని మేమనం. అయితే ఇలాంటి దెబ్బ తగిలాక ఏ చెట్లు నిలబడ్డాయి, ఏవి పడ్డాయి, వాటి చోట మొలకలు వాటంతట అవి వస్తున్నాయా అన్నదే అటవీ నిర్వహణకు అసలు పరీక్ష. ఎండాకాలం ఎన్నిసార్లు నిప్పంటుకుంది, ఎన్ని గంటల్లో ఆర్పారు, అడవి అంచు ఊళ్ల బావుల్లో నీరు ఏ మట్టాన ఉంది అన్నవీ అందులోకే వస్తాయి. కొలమానాలు కొత్తగా కనిపెట్టనక్కర్లేదు. భోపాల్‌లోని భారతీయ అటవీ నిర్వహణ సంస్థ పాతికేళ్ల కిందటే సూచికలు తయారుచేసింది. వాటిని అటవీ బీటు స్థాయిదాకా దించలేదు, అంతే.

అటవీ శాఖను మేం అడిగేది ఇది. సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో మూడేళ్ల కిందట నాటిన ప్రతి తోటనూ శాఖతో సంబంధం లేనివాళ్ల చేత లెక్కపెట్టించాలి. బతికినవి, చచ్చినవి, జాతుల పేర్లు పంచాయతీ గోడల మీద రాయించాలి. గ్రామసభలో చదివి వినిపించాలి. ఆ లెక్క బయటికి వచ్చేదాకా వచ్చే వానాకాలానికి కొత్త లక్ష్యం ప్రకటించవద్దు.