రెండో డోసు నేను వేయించుకున్నాను, మా తమ్ముడి కొడుకుని వద్దన్నాను: ఎందుకంటే...



పై వీడియోలో వరి కోతకి రెండు మూడు రోజుల ముందు చేలో మినుము చల్లడం చూపించాను. దాని గురించి చెప్పాల్సింది వీడియోలోనే చెప్పేశాను. ఇక్కడ రాసేది వేరే సంగతి. పోయిన వీడియోలో నా మొహం చూసి చాలామంది "ఏంటన్నా, అంత చిక్కిపోయావు?" అని ఫోన్ చేశారు. అందులో సగం మంది రెండో ప్రశ్న కూడా అడిగారు. "టీకా వేయించుకున్నాకే అంటగా? రెండోది ఇక వేయించుకోవు కదా?"

ఒక్కొక్కరికి విడివిడిగా చెప్పే ఓపిక లేదు. పైగా ఒకరికి చెప్పిన మాట ఇంకొకరి దగ్గరికి చేరేసరికి మారిపోతోంది. అందుకని జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాదు, రైతుని. అది గుర్తుపెట్టుకుని చదవండి.

45 దాటినవాళ్లకి 2021 ఏప్రిల్ 1 నుంచి టీకా ఇస్తున్నా నేను ఆగస్టు దాకా వెళ్లలేదు. మొదట్లో, మంచి తిండి తింటున్నాం, మందు కొట్టని బియ్యం తింటున్నాం, మనకేమవుతుందిలే అన్న ధీమా. మే నెలలో మా పెదనాన్నగారి అబ్బాయి కరోనాతో పోయాక ఆ ధీమా పోయింది. ఆయన తిన్నదీ మా చేలో పండిన బియ్యమే. ఇంట్లో అమ్మకి 76 ఏళ్లు, షుగరు ఉంది. ఆగస్టు రెండో వారంలో వెళ్లి కోవిషీల్డ్ మొదటి డోసు వేయించుకున్నాను. ఒక రోజు ఒళ్లు నొప్పులు, అంతే.

సరిగ్గా పదకొండో రోజు జ్వరం వచ్చింది. కళ్ల వెనకాల నొప్పి, నడుం విరిగిపోయినట్టు బాధ. నాలుగో రోజుకి కాళ్ల మీద గుండుసూది మొనంత ఎర్ర చుక్కలు, పళ్లు తోముకుంటే నెత్తురు. బస్తీలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. మర్నాటికి ప్లేట్‌లెట్లు 22 వేలకి పడిపోయాయి. మా ఆవిడ బయట వరండాలో కూర్చుని పుస్తెలు కళ్లకద్దుకుంటూ ఉందని తర్వాత చెప్పారు. ఆ రెండు రాత్రులు నేను నిజంగానే భయపడ్డాను.

అక్కడ డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న, "టీకా ఎప్పుడు వేయించుకున్నారు?" అని. పదకొండో రోజు జ్వరం మొదలైందని చెప్పగానే ఆయన మొహం మారింది. ఎందుకో తర్వాత అర్థమైంది. కోవిషీల్డ్ తర్వాత చాలా అరుదుగా కొందరిలో నెత్తురు గడ్డలు కడుతుంది, దాంతోపాటే ప్లేట్‌లెట్లు పడిపోతాయి. వస్తే మొదటి కొద్ది వారాల్లోనే వస్తుంది. ఒంటి మీద ఎర్ర చుక్కలు దానికీ ఉంటాయి, డెంగీకీ ఉంటాయి. మన దేశంలో అలాంటి అనుమానపు కేసులు 26 వచ్చాయని, 10 లక్షల డోసులకి 0.61 చొప్పున అని కేంద్ర ఆరోగ్య శాఖే మే 17న ప్రకటించింది. అంటే అబద్ధం కాదు, ఉంది. కానీ చాలా తక్కువ.

ఆయన ఊహించి వదిలేయలేదు. డెంగీకి ఎన్‌ఎస్‌1 పరీక్ష చేయించారు. గడ్డ కట్టే తీరు తెలియడానికి డి-డైమర్ చేయించారు. కాళ్లకీ పొట్టకీ స్కాన్ తీయించారు. ఎక్కడా గడ్డ లేదు, ఎన్‌ఎస్‌1 పాజిటివ్. అంటే నన్ను పడేసింది దోమ. మా పశువుల కొట్టం వెనక జీవామృతం కలిపే పాత డ్రమ్ములు రెండు మూత లేకుండా ఉన్నాయి. వాటిలో వాననీళ్లు పది రోజులుగా నిలిచి ఉన్నాయని ఇంటికొచ్చాక చూశాను. టీకాని తిట్టుకుంటూ కూర్చుంటే ఆ డ్రమ్ములు నాకు కనిపించేవే కాదు.

ఇక మీరు అడగబోయే ప్రశ్న నాకు తెలుసు. బొప్పాయి ఆకురసం తాగావా అని. తాగాను. మా అత్తగారు రోజూ పంపేది. ప్లేట్‌లెట్లు పెరిగాయి కూడా. దానివల్లే పెరిగాయా అంటే మాత్రం చెప్పలేను. డెంగీలో జ్వరం తగ్గిన రెండు మూడు రోజులకి మామూలుగా అవే పెరుగుతాయి. సెలైను ఎక్కుతోంది, గంట గంటకీ చూసుకుంటున్నారు. ఇన్ని జరుగుతుండగా ఒక్క ఆకురసానికి దండ వేయడం న్యాయం కాదు.

నేను చెప్పాలనుకున్న అసలు మాట ఇదే. టీకా తర్వాత జ్వరం వచ్చింది కాబట్టి టీకా వల్లే వచ్చింది. ఆకురసం తర్వాత ప్లేట్‌లెట్లు పెరిగాయి కాబట్టి ఆకురసం వల్లే పెరిగాయి. ఈ రెండూ ఒకటే తప్పు. కాకి వాలింది, తాటిపండు పడింది. ఒక చోట కాకిని తిట్టాం, ఇంకో చోట కాకికి దండం పెట్టాం.

మన పొలంలో మనం ఇట్లా చేయం. జీవామృతం పోసిన మర్నాడు మంచి వాన పడి పైరు నల్లగా తిరిగిందనుకోండి. జీవామృతంతో తిరిగిందా, వానతో తిరిగిందా? తెలియాలంటే పక్కన పోయకుండా వదిలిన మడి ఉండాలి. నేను కొత్తగా ఏది మొదలుపెట్టినా ఒక మడి వదిలేస్తానని మీకు తెలుసు. మందుల షాపువాడు "మా మందు కొట్టారు, దిగుబడి వచ్చింది" అంటే, కొట్టని చేలో ఎంత వచ్చిందో చూపించమంటాం. ఆ ప్రశ్న అడగడం నేర్చుకున్నాకే మనం ఈ దారిలోకి వచ్చాం. మరి ఒంటి సంగతి వచ్చేసరికి ఆ ప్రశ్న ఎందుకు వదిలేస్తున్నాం?

"రసాయనాలు వద్దన్నవాడివి, సూది ఎట్లా వేయించుకున్నావు" అని ఒక పెద్దాయన కొంచెం కోపంగానే అడిగారు. ఆయన మీద నాకు గౌరవం ఉంది, ఆయన దగ్గరే ఘనజీవామృతం చేయడం నేర్చుకున్నాను. కానీ బాబాయ్, మన దేశీ ఆవులకి గాలికుంటు టీకా ఆరు నెలలకోసారి వేయిస్తున్నాం కదా? వానాకాలం ముందు గొంతువాపుకీ జబ్బవాపుకీ వేయిస్తున్నాం కదా? వేయించని సంవత్సరం ఏమైందో మీ కొట్టంలోనే చూశాం. పురుగుమందు పురుగుని చంపేది. టీకా ఒంటికి శత్రువు ఎట్లా ఉంటాడో ముందే చూపించేది. ఆ తర్వాత పోట్లాడేది ఒళ్లే. రెండింటినీ ఒక గాటన కట్టడం నాకైతే సరిగ్గా అనిపించలేదు.

అయినా రెండో డోసు తేలిగ్గా వేయించుకోలేదు. డెంగీ అని కాగితం మీద తేలినా భయం మనసులోంచి పోదు. మా ఆవిడ "చావు దాకా వెళ్లొచ్చారు, మళ్లీ ఎందుకండీ" అంది. అమ్మ ఏమీ అనలేదు. రాత్రి అన్నం దగ్గర మాత్రం "నా కోసమైతే వద్దులేరా, నేను చూసేసినదాన్ని" అంది. ఆ మాట ఇంకా కష్టంగా ఉంది.

ఇంకో సంగతి. మా చేలోకి కలుపుకీ కోతకీ వచ్చే ముఠాలో పన్నెండు మంది ఆడవాళ్లు. వాళ్లలో తొమ్మిది మంది ఒక డోసు దగ్గర ఆగిపోయారు. మేస్త్రమ్మ నాతో అంది, "నువ్వు ఏయించుకుంటే మేమూ ఏయించుకుంటాం అన్నా, నువ్వు మానేత్తే మేమూ మానేత్తాం." నా ఒంటి గురించి నేను తీసుకునే నిర్ణయం నా ఒక్కడిదే కాదని అప్పుడు తెలిసింది.

అందుకని డిశ్చార్జి కాగితాలన్నీ పట్టుకుని నన్ను చూసిన డాక్టరు దగ్గరికే వెళ్లాను. ఆయన మూడు మాటలు చెప్పారు. మీది డెంగీ, టీకాతో వచ్చిన గడ్డల జబ్బు కాదు, కాబట్టి రెండో డోసు ఆపాల్సిన పని లేదు. పెద్ద జబ్బుతో ఆసుపత్రిలో పడినవాళ్లు కోలుకున్నాక 4 నుంచి 8 వారాలు ఆగాలని ప్రభుత్వ నిబంధన ఉంది, మీరు ఎనిమిది వారాలూ ఆగండి. సూది కండలోకి వేస్తారు కాబట్టి ప్లేట్‌లెట్లు పూర్తిగా మామూలుకి వచ్చాయో లేదో ముందు చూసుకోండి. 2021లో కోవిషీల్డ్‌కి ఎట్లాగూ 84 రోజుల గడువు ఉండేది. రెండు లెక్కలూ నవంబర్‌లోనే కలిశాయి. పరీక్ష చేయిస్తే 2 లక్షల 10 వేలు వచ్చింది.

ఒక డోసుతో సరిపెట్టుకుంటే ఏమవుతుందని కూడా అడిగాను. బ్రిటన్‌లో చూసిన లెక్క చెప్పారు. డెల్టా రకం వైరస్ సోకి జబ్బు పడకుండా ఈ టీకా ఒక డోసు కాపాడింది 30 శాతం దాకా, రెండు డోసులైతే 67 శాతం దాకా. ఒక తడి ఇచ్చి చేను వదిలేయడం లాంటిదన్నమాట. ఇది విన్నాక నాకు నిర్ణయం కష్టం కాలేదు. నవంబర్ మూడో వారంలో వేయించుకున్నాను. అరగంట అక్కడే కూర్చున్నాను. చెయ్యి రెండు రోజులు నొప్పి పెట్టింది.

ఇప్పుడు రెండో వైపు. మా తమ్ముడి కొడుకు ఇరవై రెండేళ్లవాడు. జులైలో మొదటి డోసు వేసిన పది నిమిషాల్లో ఒళ్లంతా దద్దుర్లు, గొంతు బిగుసుకుపోయింది, ఊపిరి అందలేదు. అక్కడున్న నర్సమ్మ వెంటనే ఇంజెక్షన్ ఇచ్చి అంబులెన్సు పిలిపించింది కాబట్టి బతికాడు. నవంబర్‌లో "హర్ ఘర్ దస్తక్" అని ఇంటింటికీ తిరిగినప్పుడు వాడి పేరు పెండింగులో ఉందని, రెండోది వేయించుకోవాల్సిందేనని ఒత్తిడి చేశారు. నేను అడ్డం నిలబడ్డాను. మొదటి డోసుకి అంత తీవ్రంగా అలర్జీ వచ్చినవాళ్లకి అదే టీకా మళ్లీ వేయకూడదని నిబంధనల్లోనే ఉంది. గడ్డలు కట్టి ప్లేట్‌లెట్లు పడిపోయే జబ్బు వచ్చినవాళ్లకీ అంతే. పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి కాగితం మీద రాయించి ఇప్పించాను. నూటికి నూరు చూపించాలన్న ఆత్రంలో ఆ ఒక్కడిని మర్చిపోకూడదు.

అందుకే "అందరూ వేయించుకోండి" అని గాని "ఎవరూ వేయించుకోకండి" అని గాని నేను చెప్పను. మొదటి డోసు తర్వాత పెద్ద గండం దాటినవాళ్లు ఎవరైనా ఉంటే ఈ నాలుగు ప్రశ్నలకి సమాధానం తెచ్చుకోండి:

1. నాకు వచ్చింది ఏమిటి? పరీక్షలో తేలిన జబ్బు పేరు కాగితం మీద ఉందా?
2. సూది వేసిన ఎంతసేపటికి మొదలైంది? నిమిషాల్లోనా, రోజుల్లోనా, నెలలకా?
3. నన్ను దగ్గరుండి చూసిన డాక్టరు రెండో డోసు గురించి ఏమన్నారు? ఎన్ని వారాలు ఆగమన్నారు?
4. నేను వేయించుకోకపోతే ఇంట్లో ఎవరికి ప్రమాదం?

వాట్సాప్‌లో వచ్చింది ఈ నాలుగింటిలో దేనికీ సమాధానం కాదు. నేను రాసింది కూడా కాదు. నాకు ఏమీ కాలేదు కాబట్టి మీకూ ఏమీ కాదు అంటే అదీ తాటిపండు లెక్కే అవుతుంది. మీ కాగితాలు పట్టుకుని మీ డాక్టరు దగ్గరికి వెళ్లండి. మొహమాటం లేకుండా అడగండి. విత్తనం కొనేటప్పుడు పది ప్రశ్నలు వేస్తాం, అంతకంటే ఒళ్లు తక్కువదా?

మా ముఠాలో ఆ తొమ్మిది మందిలో ఏడుగురు పోయిన సోమవారం రెండో డోసు వేయించుకున్నారు. ఒకామెకి బాలింత జ్వరం, తగ్గాక వస్తానంది. ఇంకొకామె ఇంకా ఆలోచిస్తోంది, ఆలోచించుకోనివ్వండి.

ఇక జీవామృతం డ్రమ్ముల సంగతి. వాడనప్పుడు బోర్లించండి, వాడేటప్పుడు గోనెపట్టా కప్పి అంచు చుట్టూ తాడు బిగించండి. అది ఎట్లా కట్టాలో వచ్చే వీడియోలో చూపిస్తాను.

ఉంటాను. ఆరోగ్యం జాగ్రత్త.