ఆరు మిల్లీమీటర్ల న్యాయము

వానాకాలపు పంట కల్లములకు చేరిన దినములలో నిజామాబాదు జిల్లాలో ఏ కొనుగోలు కేంద్రమునకు పోయి చూచినను, తేమను చూపు యంత్రము ప్రక్కనే చేతిలో ఇమిడిపోవు మరియొక పనిముట్టు కానవచ్చును. రాశినుండి తీసిన గుప్పెడు వడ్లకు పొట్టు తీసి, బియ్యపు గింజను దాని దవడల నడుమ ఒకసారి నిలువుగాను, ఒకసారి అడ్డముగాను పట్టి కొలుతురు. నిడివి 6 మిల్లీమీటర్లకు, వెడల్పు 2 మిల్లీమీటర్లకు లోపుగా ఉండి, వాని నిష్పత్తి 2.5కు మించినచో అవి సన్న వడ్లు. 2024 వానాకాలమునుండి రాష్ట్ర ప్రభుత్వము క్వింటాలుకు ఇచ్చుచున్న 500 రూపాయల బోనసు వానికే. గింజ ఆ గీతను ఇంచుక దాటెనా, ఎంత నాజూకుగా ఉన్నను దొడ్డు వడ్ల కుప్పలో చేరవలసినదే.

నాజూకు అనుట ఊరక అన్న మాట కాదు. 1965 నాటి రామయ్య సంఘపు వర్గీకరణము ననుసరించి 6 మిల్లీమీటర్లు, అంతకు మించిన నిడివియు, వెడల్పుకు మూడు రెట్లకు తగ్గని పొడవును గల గింజ పొడుగు సన్నరకము. గోదావరి డెల్టాలోని మారుటేరు పరిశోధన కేంద్రమునుండి 2000లో వెలువడి, కాటన్‌దొర సన్నాలు అను పేర తెలుగునాట వ్యాపించిన ఎం.టి.యు. 1010 ఈ తెగకు చెందినదే. కేంద్ర ప్రభుత్వపు మద్దతు ధరలో నిష్పత్తి 2.5 ఉన్నచాలును, అది ఏ-గ్రేడు. 2025–26 సంవత్సరమునకు ఏ-గ్రేడు ధర 2,389 రూపాయలు, సాధారణ రకము ధర 2,369. ఢిల్లీ లెక్కలో 20 రూపాయలు ఎక్కువ పొందిన గింజయే హైదరాబాదు లెక్కలో 500 రూపాయలు పోగొట్టుకొనుచున్నది!

దేశపు వాయవ్య భాగమున బాస్మతికి సగటున 6.61 మిల్లీమీటర్ల నిడివి లేనిదే ఆ పేరు చెల్లదు. అచ్చట పొడవే పెట్టుబడి. మనవారికి అట్లు కాదు. బాపట్లనుండి 1986లో విడుదలయిన సాంబమసూరి, అనగా రైతులందరు బి.పి.టి. అని పిలుచు 5204, మన నాలుకకు మధ్యస్థ సన్నగింజ రుచిని మరచుటకు వీలులేనట్లుగా అలవరచినది. తినువాని ఇష్టముతో నాకు తగవు లేదు. చౌకదుకాణములలో 2025 ఏప్రిలునుండి సన్నబియ్యము పోయుటయు మంచిదే. విత్తనమును ఎన్నుకొను రైతు మాత్రము ఈ కొలబద్దకు లొంగిపోరాదనియే నా వాదము.

ఇందుకు దృష్టాంతముగా నిజామాబాదు జిల్లాలోని సిరికొండ మండలమును గూర్చి చెప్పుచున్నాను. 1923–31 నడుమ మంజీరపై కట్టిన నిజాంసాగరు కాలువల క్రింద వర్ని, బోధను, రుద్రూరు ప్రాంతములవారు ముందుగా నాట్లువేసి, రాష్ట్రమున అందరికంటె ముందు కోతలు ముగింతురు. గుట్టల నడుమనున్న సిరికొండకు ఆ భాగ్యము లేదు; చెరువు నిండవలెను, లేదా బోరు పోయవలెను. 145–150 దినముల సాంబమసూరిని ఇచ్చట నమ్ముకొన్నచో, ఎండాకు తెగులుకును, అగ్గితెగులుకును లోనగు ఆ రకమునకు మందుకొట్టుట యొక యెత్తు, పంట ఆలస్యమగుట యొక యెత్తు. వానాకాలపు కోత వెనుకబడిన యాసంగి నారు వెనుకబడును. యాసంగి వెనుకబడిన గింజ పాలుపోసుకొను వేళ ఏప్రిలు ఎండలలో చిక్కును. ఆ వేడికి బియ్యములో సన్నని పగుళ్లు పడి, పచ్చిబియ్యముగా ఆడించినప్పుడు మిల్లులో నూకలై రాలును. పొడుగు గింజ విరుగుట మరింత. అందుచేతనే యాసంగి వడ్లను మన మిల్లులు ఉప్పుడు బియ్యముగా మార్చుచు వచ్చినవి. అది ఇక తీసికొనబోమని కేంద్రము 2021లో మొండికెత్తగా రైతు పడిన యాతన అందరెరిగినదే.

కావున సిరికొండ బోర్ల క్రింద వానాకాలమునకు 125 దినముల తెలంగాణ సోనా, అనగా రాజేంద్రనగరునుండి 2015లో వచ్చిన ఆర్.ఎన్.ఆర్. 15048, యుక్తమని నా అభిప్రాయము. విచిత్రమేమనగా దాని జన్మదాతలలో ఒకటి ఆ పొడుగు గింజ 1010యే. రెండవది జగిత్యాలకు చెందిన జె.జి.ఎల్. 3855. ఎరువు మితిమీరిన తెలంగాణ సోనా పడిపోవును గనుక యూరియా సంచిని చూచి విప్పవలెను. యాసంగికి 1010 గాని, చలికి ఓర్చు జగిత్యాల 24423 గాని మేలు. ఇవి బోనసునకు దూరమయినను ఎండలు ముదురకముందే కోతకు వచ్చును.

2020లో సన్నాలే వేయుడని ప్రభుత్వము చెప్పినప్పుడు, వేసిన పిదప ధర దక్కలేదని రైతులు రోడ్లమీదికి వచ్చిరి. అట్టి దుస్థితి మరల రాకుండుటకై బోనసు వర్తించు రకముల జాబితాను నారు పోయకముందే పల్లెపల్లెన ప్రకటింపవలెను. అంతకంటె ముఖ్యముగా, గింజ నిడివికి బదులు వంద కిలోల వడ్లకు మిల్లులో ఎన్ని కిలోల నిండు బియ్యము వచ్చునో చూచి ధర కట్టవలెను. రుద్రూరు పరిశోధన కేంద్రము జిల్లాలోనే ఉన్నది గనుక ఈ పరీక్షను రానున్న యాసంగియందే సిరికొండ వడ్లతో ఆరంభింపుడని వ్యవసాయశాఖను కోరుచున్నాను.