చలివేంద్రం దగ్గర మీరూ నిలబడండి

ఈ వేసవిలో ఊరికి వెళ్తున్న మన సంఘ సభ్యులందరికీ ఒక విన్నపం. అక్కడ గడిపే సెలవుల్లో ఒక నాలుగు రోజులు శాంతి పనికి కేటాయించండి. మీరు వెళ్ళడమే కాకుండా మీ పిల్లల్ని కూడా వెంట తీసుకెళ్ళండి.

శాంతి పని అంటే ఏమిటని అడుగుతారు. తెల్ల పావురం బొమ్మలు, కొవ్వొత్తులు, ఆగస్టు 6న హిరోషిమా దినం నాడు బడిపిల్లల ప్రదర్శనలు మనకు తెలిసినవే. అవీ కావాలి. అణుబాంబు ఏం చేసిందో పిల్లలకు చెప్పకపోతే ఇంకెవరికి చెబుతాం? అయితే విజయవాడ, గుంటూరు చుట్టుపక్కల శాంతి కోసం పాటుపడినవాళ్ళ చరిత్ర చూస్తే ఉపన్యాసాల కంటే చాకిరీయే ఎక్కువ కనిపిస్తుంది. వాళ్ళు నీళ్ళు మోశారు, జనాన్ని సర్దారు, పాకలు వేశారు, ఊరంతా దూరం పెట్టినవాళ్ళ ఇళ్ళకు వెళ్ళి అన్నం తిన్నారు. అందులో ఒక చిన్న పని మనమూ అందుకోవాలని నా కోరిక.

1921లో ఎండలు ముదురుతుండగా, మార్చి 31, ఏప్రిల్ 1 తేదీల్లో బెజవాడలో అఖిల భారత కాంగ్రెస్ కమిటీ సమావేశం జరిగింది. తిలక్ స్వరాజ్య నిధికి కోటి రూపాయలు, కోటి మంది సభ్యులు, ఇరవై లక్షల రాట్నాలు అన్న తీర్మానం అక్కడిదే. పింగళి వెంకయ్య గాంధీజీకి జెండా అందించిందీ అప్పుడే. బడి పుస్తకాల్లో అంతవరకే ఉంటుంది. గాంధీజీని చూడటానికి పల్లెపల్లె నుంచీ తరలివచ్చిన జనాన్ని అదుపులో పెట్టినవాళ్ళు ఎవరన్నది ఉండదు. ఆ పని దుగ్గిరాల గోపాలకృష్ణయ్య కూర్చిన రామదండుది. కాషాయ బట్టలు, మెడలో రుద్రాక్షలు, చేతిలో ఏ ఆయుధమూ లేని కుర్రవాళ్ళు.

గోపాలకృష్ణయ్య గురించి పరాయి దేశంలో ఉంటున్న మనం తప్పకుండా తెలుసుకోవాలి. 1889 జూన్ 2న పెనుగంచిప్రోలులో పుట్టారు. ఎడిన్‌బరో వెళ్ళి ఎం.ఏ. చదివారు. ఆనంద కుమారస్వామితో కలిసి నందికేశ్వరుడి అభినయ దర్పణాన్ని ఇంగ్లీషులోకి తెస్తే, 1917లో హార్వర్డ్ విశ్వవిద్యాలయం అచ్చు వేసింది. విదేశీ చదువు, విదేశీ పరిచయాలు, పుస్తకం, పేరు అన్నీ ఉన్న మనిషి. అవన్నీ పెట్టుకుని ఆయన చేసిన పని, డెల్టా పల్లెల్లో కుర్రవాళ్ళను పోగుచేసి, జనం మధ్య ఎలా నిలబడాలో నేర్పడం.

1921 వేసవిలోనే రామదండుకు అసలు పరీక్ష వచ్చింది. చీరాల, పేరాల కలిపి ప్రభుత్వం అప్పటికే మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి నాలుగు వేల రూపాయలు కట్టేచోట నలభై వేలు కట్టాల్సి వచ్చింది. ఊళ్ళో ఉన్నదంతా నేతపనివాళ్ళు, చిన్న రైతులు. గాంధీజీ వచ్చి రెండు దారులు చూపించారు. శాంతియుతంగా పన్ను నిరాకరించి శిక్షలకు సిద్ధపడండి, లేదా ఊరే ఖాళీ చేసి హద్దు దాటి వెళ్ళిపొండి. చీరాల రెండో దారి పట్టింది. పదిహేను వేల జనాభాలో సుమారు పదమూడు వేల మంది ముసలివాళ్ళను, చంటిబిడ్డలను తీసుకుని ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగరం అని పేరు పెట్టుకుని సుమారు పదకొండు నెలలు గడిపారు. రోహిణి కార్తె ఎండలో, పాకల్లో, పదమూడు వేల మంది! తాగే నీళ్ళు, మరుగు, జబ్బులు, నిప్పు భయం, రాత్రి కాపలా ఎలా ఉండి ఉంటాయో ఆలోచించండి. ఉద్యమం అని ఒక్క మాటలో రాసేస్తాం గానీ, ఆ పదకొండు నెలలూ జనాన్ని నిలిపింది రోజువారీ పనే. గోపాలకృష్ణయ్యను జైల్లో పెట్టారు, డబ్బు అందలేదు, చివరికి జనం ఇళ్ళకు తిరిగివచ్చారు. 1928 జూన్ 10న ఆయన పోయారు. అప్పటికి నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

1922 మొదట్లో పెదనందిపాడు ఫిర్కాలో పన్ను నిరాకరణ జరిగింది. పర్వతనేని వీరయ్య చౌదరి అక్కడ కూర్చిన దళం పేరు శాంతిసేన. వందేళ్ళ కిందట గుంటూరు జిల్లా రైతులు తమ కార్యకర్తల దళానికి పెట్టుకున్న పేరు ఇది. పొలాలు, పశువులు జప్తు అవుతున్నా ఎవరూ చేయి ఎత్తకుండా చూడటం ఆ దళం బాధ్యత.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పనికి విజయవాడలో చిరునామా పటమట. గోరాగా మనకు తెలిసిన గోపరాజు రామచంద్రరావు, సరస్వతి దంపతులు 1940లో ముదునూరులో మొదలుపెట్టిన నాస్తిక కేంద్రం 1947లో అక్కడికి వచ్చింది. మన పాఠకుల్లో దైవభక్తి ఉన్నవారే ఎక్కువ. గోరా నాస్తికత్వాన్ని మీరు ఒప్పుకోకపోవచ్చు. గాంధీజీ కూడా ఒప్పుకోలేదు, అయినా ఆయన్ని పక్కన కూర్చోబెట్టుకున్నారు. గోరా తన పెద్ద కుమార్తె మనోరమను దళిత యువకుడు అర్జునరావుకు ఇచ్చి చేయాలని నిశ్చయిస్తే, ఆ పెళ్ళి సేవాగ్రామ్‌లో జరిపిద్దామని గాంధీజీ మాటిచ్చారు. 1948 జనవరి 30న ఆయన్ని చంపేశారు. మార్చిలో అదే ఆశ్రమంలో ఆ పెళ్ళి జరిగింది. గోరా కుమారుడు లవణం మహాకవి జాషువా కుమార్తె హేమలతను చేసుకున్నారు. వినోబా భావే భూదాన యాత్రలో తెలుగు నేల మీద నడిచినప్పుడు ఆయన మాటలను తెలుగులో చెప్పింది లవణమే. ఆ భూదానం కూడా 1951 ఏప్రిల్ 18న, మండే ఎండల్లో, పోచంపల్లిలో పుట్టింది. దళితులు ఎనభై ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి వంద ఎకరాలు ఇచ్చారు.

లవణం, హేమలత చేసిన పనుల్లో నన్ను అన్నిటికంటే కదిలించేది స్టువర్టుపురం. బ్రిటిష్ వాళ్ళు ఎరుకల వాళ్ళను నేరస్థ తెగ అని ముద్రవేసి, బాపట్ల దగ్గర ఒక సెటిల్‌మెంటులో పెట్టారు. ఆ ముద్ర వేసిన చట్టం పోయినా ముద్ర పోలేదు. ఎక్కడ దొంగతనం జరిగినా పోలీసులు అక్కడికే వెళ్ళేవారు. 1970లలో ఈ దంపతులు ఆ ఊరికి వెళ్ళి, ఆ ఇళ్ళల్లో కూర్చుని, మగవాళ్ళు నేరాలు మానుకునేలా, పిల్లలు బడికి వెళ్ళేలా ఏళ్ళ తరబడి వెంటపడ్డారు. నా లెక్కలో మన డెల్టాలో జరిగిన గొప్ప శాంతి కార్యక్రమం అదే.

ఇంతటి మనుషులు నడిచిన నేల మీదే రక్తం కూడా పారింది. అది దాచిపెట్టి శాంతి గురించి మాట్లాడటం నా వల్ల కాదు. 1985 జులైలో కారంచేడులో మాదిగపల్లె మంచినీళ్ళ చెరువు దగ్గర గొడవ మొదలైంది. తాము తాగే నీళ్ళను పాడుచేయవద్దని పల్లెవాళ్ళు అడ్డుచెప్పారు. జులై 17న ఆధిపత్య కులం వాళ్ళు పల్లె మీద పడి ఆరుగురు దళితుల్ని చంపారు. మిగిలినవాళ్ళు ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని చేరింది ఎక్కడికంటే, చీరాలకే. 1991 ఆగస్టు 6న తెనాలి దగ్గర చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపి గోతాల్లో కట్టి కాలువలో పడేశారు. తేదీ చూడండి, హిరోషిమా దినమే. జులై, ఆగస్టు రెండూ మనలాంటివాళ్ళం సెలవుల మీద ఊళ్ళో ఉండే నెలలు. 1988 డిసెంబరు 26న వంగవీటి మోహనరంగా హత్య తరువాత విజయవాడ తగలబడింది. కర్ఫ్యూలో నగరం రోజుల తరబడి మూగబోయింది.

కారంచేడు మంచినీళ్ళ దగ్గర మొదలైందని గుర్తుపెట్టుకుంటే, కింద చెప్పబోయేది చిన్న విషయం అనిపించదు.

ఒక మే నెలలో మంగళగిరి పాత బస్టాండు వైపు వెళ్తుంటే ఒక చలివేంద్రం కనిపించింది. కొబ్బరాకుల పందిరి, తడి ఇసుక మీద కుండలు, కుండల చుట్టూ తడిగుడ్డ, నీళ్ళలో వట్టివేళ్ళు. పక్కనే స్టీలు డ్రమ్ములో అల్లం, కరివేపాకు వేసిన పలచటి మజ్జిగ. నడుపుతున్నది విశ్రాంత ఉపాధ్యాయుడు ఒకాయన. ఆయన పక్కన టెక్సాస్ నుంచి సెలవులకు వచ్చిన కాలేజీ కుర్రాడు ఉత్సాహంగా పోస్తున్నాడు. రిక్షా తొక్కే పెద్దాయన ఒకరు వచ్చి, అలవాటుగా దోసిలి పట్టారు. కుర్రాడు చెంబు ఎత్తి పోయబోయాడు. మాస్టారు చెయ్యి అడ్డం పెట్టారు. "పైనుంచి పొయ్యకు బాబూ. గ్లాసు చేతికియ్యి." కుర్రాడికి అర్థం కాలేదు. "ఏం తాతగారూ, అడిగింది ఆయనే కదా?" మాస్టారు గ్లాసు కడిగి, నింపి, తనే అందించారు. పెద్దాయన కాస్త తటపటాయించి అందుకుని తాగారు. ఆయన వెళ్ళాక మాస్టారు కుర్రాణ్ణి నీడలో కూర్చోబెట్టి, ఒకప్పుడు కొందరికి నీళ్ళు దోసిట్లో పైనుంచే ఎందుకు పోసేవారో చెప్పారు. ఆ పిల్లవాడి మొహంలో రంగులు మారాయి. మా ఊళ్ళో కూడానా అని అడిగాడు. అన్ని ఊళ్ళల్లోనూ అన్నారు మాస్టారు.

కొండ మీద స్వామికి పానకం పోస్తే సగం పుచ్చుకుని సగం భక్తులకే వదిలేస్తాడని నమ్మే ఊరు మంగళగిరి. ఆ ఊళ్ళో గ్లాసు చేతికివ్వడం నేర్చుకున్న పిల్లవాడు మన సంఘానికి పెద్ద ఆస్తి అని నా నమ్మకం.

ఇక చేయదగ్గ పనుల గురించి. అమెరికాలో బడులు మూసే వేళకు మన వైపు వేసవి అయిపోతుంది. జూన్ 12కు ఆంధ్రలో బడులు తెరుస్తారు, కాలువలకు నీళ్ళొస్తాయి, ఏరువాక సాగుతుంది. కాబట్టి మే నెలలో వెళ్ళే కాలేజీ పిల్లలకు చలివేంద్రాలు, జూన్ తరువాత వెళ్ళేవాళ్ళకు బడులు. మంగళగిరి చేనేత వాడల్లో పిల్లలు చదివే ప్రభుత్వ బడికి వెళ్ళి ప్రధానోపాధ్యాయుల్ని కలవండి. పుస్తకం చదివి వినిపించమంటారో, లెక్కలు చెప్పమంటారో, మొక్కలకు పాదులు తీయమంటారో వాళ్ళకే వదిలేయండి. సాయంత్రం ఏదైనా ఇంటికి పిలిస్తే వెళ్ళండి. గుంట మగ్గం మీద కాళ్ళు గోతిలో పెట్టి నిజాం అంచు చీర నేసే మనిషిని మీ పిల్లలు దగ్గర నుంచి చూస్తారు. గట్టి వాన కురిస్తే ఆ గోతిలోకి నీళ్ళొచ్చి పని ఆగిపోతుందని, పని ఆగితే కూలి కూడా ఆగుతుందని వాళ్ళే చెబుతారు. చీర ధర దగ్గర బేరమాడే నోరు ఆ తరువాత లేవదు.

ఒక్క షరతు. పని అక్కడివాళ్ళ మాట ప్రకారం జరగాలి. మన సంఘం పేరున్న బ్యానరు, టీషర్టులు, పిల్లల చేతికి పుస్తకం ఇస్తూ ఫొటోలు ఏవీ వద్దు. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ మునిగినప్పుడు మనలో చాలామంది డబ్బు పంపారు. మంచిపని. మెడలోతు నీళ్ళలో పాల పొట్లాలు నెత్తిన పెట్టుకుని మేడమెట్లు ఎక్కింది మాత్రం అక్కడి కుర్రవాళ్ళే. 1977 నవంబరు ఉప్పెనలో దివిసీమలో శవాలకు దహనాలు చేసినవాళ్ళు, ఆ తరువాత ఏళ్ళ తరబడి అక్కడే ఉండిపోయి ఇళ్ళు కట్టించినవాళ్ళు కూడా అంతే. పని తెలిసినవాళ్ళు వాళ్ళు. నాలుగు రోజులకు వచ్చిన మనం వాళ్ళు చెప్పిన బరువు ఎత్తితే చాలు.

చివరగా, రాయడానికి ఇబ్బందిగా ఉన్నా రాయక తప్పని మాట. మనం సముద్రాలు దాటి వచ్చేటప్పుడు కులాన్ని కూడా సర్దుకుని తెచ్చుకున్నాం. ఎన్నికలు వచ్చినా, పిక్నిక్ పెట్టినా, పిల్లల జట్లు కట్టినా అది బయటపడుతోంది. ఇక్కడ పుట్టిన పిల్లలు మన ఇంటి పేర్లు వెతికి మరీ తమ కులం తెలుసుకుంటున్నారంటే ఆ నేరం మనదే. మంగళగిరిలో, విజయవాడలో శాంతి కోసం పనిచేస్తామని వెళ్ళి, అక్కడ మళ్ళీ మన బంధువుల వీధిలోనే, మన కులం వాళ్ళు కట్టించిన హాలులోనే నాలుగు రోజులు గడిపి రావడంలో అర్థం లేదు. మీ చుట్టాలు లేని వాడను ఎంచుకోండి. మీ తాతగారు ఏనాడూ అడుగుపెట్టని పేట ఏదో ఇంట్లో పెద్దవాళ్ళను అడగండి, వాళ్ళకు తప్పక తెలిసే ఉంటుంది. మొదటి రోజు అక్కడికే వెళ్ళండి.

వెళ్ళి వచ్చినవాళ్ళు, ముఖ్యంగా పిల్లలు, అక్కడ చేసిన పని గురించి తమ మాటల్లో రాసి పంపాలి. తెలుగు తప్పులున్నా పరవాలేదు, దిద్దుకుంటాం. వచ్చే సంచికలో సగం పేజీలు వాళ్ళ కోసం ఖాళీగా ఉంచుతున్నాం.